మహబూబ్‌నగర్ నుంచి ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం: కిరాయి బండిలో ఒక్కరోజులో అయితదా?

మెట్టుగడ్డ వాసి:

అందరికీ నమస్తే. దసరా సెలవుల్లో ఒక రోజు బండి మాట్లాడుకుని ఇంటిల్లిపాది పోదామనుకుంటున్నం. మొత్తం ఆరుగురం: నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు (11 ఏళ్లు, 7 ఏళ్లు), బావమరిది, మా అమ్మ. అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. సమంగ ఉన్న నేల మీద నడుస్తది గాని మెట్లంటే కష్టం.

అనుకున్న ప్లాన్ ఇది: పొద్దున 7 గంటలకు బయలుదేరి ఉమామహేశ్వరం, తర్వాత ఫర్హాబాద్ వ్యూ పాయింట్, మల్లెలతీర్థం, అక్కడ్నుంచి శ్రీశైలం దర్శనం, డ్యాం చూసి రాత్రికి వాపస్. ఒక ట్రావెల్స్ ఆయన "అన్నీ అయితయి సార్" అన్నడు. నిజంగ అయితదా? ఏ బండి తీసుకోవాలె? కిరాయి మాట్లాడేటప్పుడు ఏమేమి అడగాలె? తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లమల దారి:

కాదు. "అన్నీ అయితయి" అన్నాయన కిలోమీటర్లు లెక్క పెట్టినట్టున్నడు, గేటు లెక్క పెట్టలేదు.

శ్రీశైలం రోడ్డు మన్ననూర్ దగ్గర అమ్రాబాద్ పులుల అడవిలోకి పోతది. మన్ననూర్ చెక్‌పోస్టు నుంచి దోమలపెంట దాకా రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు బండ్లు తిరగనియ్యరు. అంటే మీరు 9 లోపల మన్ననూర్ గేటు దాటి ఇటు రావాలె. మల్లెలతీర్థం నుంచి శ్రీశైలం ఇంకో 58 కి.మీ. చివర్లో కృష్ణ లోయలోకి దిగి మళ్లీ ఎక్కే ఘాటు. పోను రాను 116 కి.మీ. అడవి రోడ్డు మీద సగటున 40 మించి పోలేరు. స్పీడ్ బ్రేకర్లు, కోతులు, ఎదురుగ బస్సులు. అక్కడికే మూడు గంటలు పాయె. దసరాకు శ్రీశైలంలో నవరాత్రి ఉత్సవాలు, క్యూ ఎంతసేపో ఎవరి చేతుల లేదు. గేటు టైము నెత్తిన పెట్టుకుని మల్లన్న దర్శనం చేసుడు దర్శనం కాదు. శ్రీశైలం విడిగ పెట్టుకోండి, ఒక రాత్రి అక్కడే ఉండేటట్టు.

ఫర్హాబాద్ కూడ తీసెయ్యండి. సొంత బండి లోపలికి పోనియ్యరు, అటవీశాఖ సఫారీ జీపులే పోవాలె. జీపు కోసం ఆగుడు, పోయి వచ్చుడు కలిపి రెండు మూడు గంటలు తింటది. పైగా వానాకాలంలో సెప్టెంబరు నెలాఖరు దాకా సఫారీ ఆపుతరు. ఈసారి దసరా ఆ తేదీకి ఇటు పడ్డదా అటు పడ్డదా చూసుకోండి.

మిగిలినవి రెండు: ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం. ఈ రెండే ఒక నిండు రోజు. టైము ఇట్ల పెట్టుకోండి. పొద్దున 5కు బయలుదేరాలె, 7కు కాదు. నాగర్‌కర్నూల్ మీదుగ అచ్చంపేట సుమారు 90 కి.మీ., రెండు గంటల పైన. అచ్చంపేటలో టిఫిను, డీజిలు రెండూ కానియ్యండి. తర్వాత పెట్రోలు బంకు దొరుకుతదని నమ్ముకోవద్దు. అక్కడ్నుంచి రంగాపూర్ మీదుగ కొండ ఎక్కితే 8 గంటలకల్ల ఉమామహేశ్వరం. గంటన్నర చాలు. 10:15కు మన్ననూర్ గేటు. గేటు నుంచి వట్వర్లపల్లి పాతిక కిలోమీటర్ల దరిదాపు. అక్కడ మెయిన్ రోడ్డు వదిలి లోపలికి 8 కి.మీ. పోతే మల్లెలతీర్థం. 11:30కు బండి పార్కింగులో ఉండాలె. 3 గంటలకు వెనక్కి తిరిగితే 7, 7:30కు ఇల్లు.

మల్లెలతీర్థం సంగతి కొంచెం వివరంగ చెప్తా, అక్కడనే జనం తప్పు చేస్తరు. పైన బండి ఆపినంక లోయలోకి సుమారు 350 మెట్లు. దిగుడు పావుగంట. ఎక్కుడు అరగంట నుంచి నలభై నిమిషాలు, అలసిన కాళ్లతోని. అందుకే భోజనం చేసి దిగొద్దు, కడుపు నిండితే ఎక్కేటప్పుడు ఆయాసం. పిల్లలకు అరటిపండో బిస్కెట్లో పెట్టి దింపండి, స్నానం అయ్యి పైకొచ్చినంక సద్ది విప్పండి. కింద హోటల్ లేదు. పులిహోర, పెరుగన్నం స్టీలు డబ్బాలల్ల కట్టుకోండి. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ఈ అడవిలో నిషేధం. నీళ్లకు కూడ స్టీలు సీసాలో, పెద్ద క్యానో మేలు.

నీళ్లల్ల దిగినప్పుడు ధార నేరుగ పడే చోట నెత్తి పెట్టొద్దు. పైనుంచి నీళ్లతోపాటు గులకరాళ్లు కూడ వస్తయి. ధారకు పక్కన, నీళ్లు బండ మీద పరుచుకుని జారేచోట నిలబడండి. ఆకుపచ్చగ మెరిసే రాయి మీద కాలు పెట్టొద్దు, పాకురు. నున్నటి అడుగున్న చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్న శాండల్స్ వేయించండి. ఇంకోటి ముఖ్యం: నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడ్డా, ఆకులు, పుల్లలు ఎక్కువగ కొట్టుకొస్తున్నా పిల్లలను పట్టుకుని మెట్ల మీదికి వచ్చెయ్యండి. మీ నెత్తి మీద ఎండ కొడుతున్నా సరే, పైన అడవిలో వాన పడ్డట్టే లెక్క. లోయ ఇరుకు, నీళ్లు పెరిగితే పక్కకు జరిగే జాగ ఉండదు.

మన్ననూర్ దాటితే ఫోన్ సిగ్నల్ నమ్మలేం. మ్యాపు ముందే ఫోన్ల దించుకోండి. బండి ఎక్కడ నిలుస్తదో, ఎన్ని గంటలకు కలవాలో డ్రైవరుతో నోటితోనే మాట్లాడుకుని దిగండి.

పాలమూరు చక్రం:

బండి, కిరాయి సంగతి నేను చెప్తా.

ఆరుగురికి ఎర్టిగా కాగితం మీద సరిపోతది, డ్రైవరుతో కలిపి ఏడు సీట్లు. కాని వెనక వరుసలో మోకాళ్లు గడ్డానికి ఆనుతయి, పెద్దవాళ్లు రెండు గంటలు కూసోలేరు. అమ్మను మధ్య వరుసలో తలుపు పక్కన కూసోబెట్టి పిల్లలిద్దరిని వెనకకు పంపితే నడుస్తది. పిల్లలకు ఘాటు మీద కడుపుల తిప్పే అలవాటుంటే మాత్రం వెనక సీటు పనికిరాదు, ఊపంతా అక్కడనే. అప్పుడు ఇన్నోవా తీసుకోండి. సామాను పెట్టుకునే జాగ కూడ దాంట్లోనే ఉంటది.

కిరాయి రెండు తీర్ల మాట్లాడుతరు. ఒకటి ప్యాకేజీ, అన్నీ కలిపి ఇంత అని. రెండోది కిలోమీటరుకు ఇంత, రోజుకు కనీసం 300 కి.మీ. లెక్క. మీ ప్రయాణం పోను రాను సుమారు 300 కాబట్టి రెండో తీరే మీకు లాభం. కాని ఒక మెలిక ఉంది: మీటరు ఎక్కడ్నుంచి మొదలైతది? చాలామంది షెడ్డు నుంచి షెడ్డుకు లెక్క కడతరు. షెడ్డు మీ ఇంటికి 12 కి.మీ. దూరం ఉంటే పోను రాను 24 కి.మీ. మీ నెత్తిన. కి.మీ.కు 16 రూపాయలనుకుంటే 384 రూపాయలు ఊరికెనే పాయె. "మా ఇంటి కాడ మీటరు చూసి మొదలుపెడతం" అని ముందే అనుకోండి. బండి ఎక్కంగనే మీటరు ఫోటో తీయండి, దిగినప్పుడు ఇంకోటి. దీనికి ఏ డ్రైవరూ ఏమనుకోడు.

డ్రైవరు బత్తా కిరాయిలో ఉందా, వేరేనా? రాత్రి 10 దాటితే అదనపు బత్తా ఎంత? టోల్, పార్కింగ్, అడవి గేటు కాడ కట్టేది ఎవరిది? ఏసీ కొండెక్కేటప్పుడు కూడ వేస్తరా? ఈ నాలుగు వాట్సాప్‌ల రాసి పంపమనండి. నోటి మాటైతే సాయంత్రానికి మారుతది. అడ్వాన్సు వెయ్యి లోపలనే ఇయ్యండి.

పసుపు ప్లేటు బండే తీసుకోండి. తెలిసినాయన తెల్ల ప్లేటు బండి వెయ్యి తక్కువకే ఇస్తడు, కాని కిరాయికి పర్మిట్ లేని బండికి ఏమన్నా అయితే బీమా కంపెనీ క్లెయిమ్ కొట్టేస్తది. తర్వాత కోర్టుల చుట్టూ తిరుగుడే. ఇంకో మాట, మీరు మనసు మార్చుకుని శ్రీశైలం పోతే అది ఆంధ్ర. ఈగలపెంట దాటి లింగాలగట్టు వంతెన అవతలకు టాక్సీ పోవాలంటే ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉండాలె, లేకుంటే ఆ రాష్ట్రం టాక్సు కట్టాలె. బండి మాట్లాడేటప్పుడే అడగండి. ఘాటు మధ్యలో ఆ గొడవ పెట్టుకోవద్దు.

డ్రైవరును ఒకటే అడగండి: ఉమామహేశ్వరం కొండ ఎప్పుడన్న ఎక్కినవా అని. దారి ఇరుకు, మలుపులు గట్టివి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు తీయకుండ దిగే డ్రైవరు ఉంటే బ్రేకు వేడెక్కి కాలిన వాసన వస్తది, తర్వాత పట్టదు. ఏ గేరుల ఎక్కినమో ఆ గేరులనే దిగాలె. వాసన వస్తే మొహమాటపడకుండ పక్కకు ఆపించండి, పావుగంట చల్లారనియ్యండి. చక్రాల మీద నీళ్లు మాత్రం పోయొద్దు, వేడి డిస్కు వంకర పోతది.

డ్రైవరుకు టైముకు తిండి పెట్టండి. పొద్దున 4కు లేచిన మనిషి, మధ్యాహ్నం 3 తర్వాత కళ్లు మూతలు పడతయి.

గుళ్ల బాట:

పైవాళ్లిద్దరూ బాగా చెప్పారు. అమ్మగారి మోకాళ్ల గురించి మాత్రం ఒకరూ ఆలోచించినట్టు లేదు.

ఉమామహేశ్వరం ఆమెకు ఇబ్బంది కాదు. ఘాటు రోడ్డు గుడి దగ్గరిదాకా ఉంది, పైన నడవాల్సింది, ఎక్కాల్సిన మెట్లు తక్కువ, చెయ్యి పట్టుకుంటే ఎక్కుతారు. గుడి పెద్ద కొండచరియ కిందే ఉంటుంది, ఎండ తగలదు. శ్రీశైలానికి నాలుగు ద్వారాలు చెబుతారు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. నాలుగింట్లో రెండు మన పాత పాలమూరు జిల్లావే. శ్రీశైలం పోలేదని అమ్మగారు చిన్నబుచ్చుకుంటే ఈ మాట చెప్పండి, ఉత్తర ద్వారంలో దణ్ణం పెట్టుకున్నారు కదా. గుడికి కొంచెం అవతల పాపనాశనం ఉంది, రాతి సందుల్లోంచి ఊరే నీళ్లు, ఎండాకాలంలోనూ ఆగవు. అక్కడికి పోయే బాట తడిగా ఉంటుంది, ఆమెను చెప్పుల్లేకుండా వేగంగా నడిపించవద్దు. కొబ్బరికాయ, అరటిపళ్లు సంచిలో మూసి పట్టుకోండి, కోతులు చేతిలోంచి లాక్కుంటాయి. కళ్లద్దాలు కూడా.

మల్లెలతీర్థం దగ్గరే చిక్కు. 350 మెట్లు ఆమె దిగకూడదు. దిగడం సులువే కదా అని దింపుతారు, మోకాళ్లకు దిగడమే ఎక్కువ దెబ్బ, ఎక్కేసరికి మధ్యలో కూలబడతారు. డోలీ వంటివి అక్కడ లేవు. కాబట్టి పెద్దవాళ్లు ఒకరు ఆమెతో పైనే ఉండాలి. మీకు ముగ్గురు పెద్దవాళ్లున్నారు గనక వంతులు వేసుకోండి: మొదట ఇద్దరు పెద్దవాళ్లు పిల్లల్ని తీసుకుని దిగాలి, గంటన్నరలో పైకి రావాలి, తర్వాత పైన ఉన్నాయన ఒక్కడే పోయి గంటలో రావాలి. ఇట్లా చేస్తే 11:30కు చేరి 3కు బయలుదేరడం గట్టిగా సరిపోతుంది, మిగలదు. ఒక మడత కుర్చీ బండిలో వేసుకోండి, చెట్టు కింద ఆమె హాయిగా కూర్చుంటారు. ఆమెను డ్రైవరుకు అప్పగించి అందరూ దిగిపోవద్దు.

క్రమం విషయంలో నల్లమల దారి గారితో నాకు కొంచెం తేడా ఉంది. మామూలు రోజైతే వారు చెప్పినట్టు గుడి ముందు. ఆదివారమో, సెలవురోజో అయితే జలపాతం ముందు పెట్టుకోవాలి. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే బండ్లు 10:30, 11 మధ్య వట్వర్లపల్లి చేరి సగం లోపలికి తిరుగుతాయి. అప్పుడు ఇరుకు రోడ్డులో ఎదురెదురు బండ్లు, కింద ధార దగ్గర నిలబడ్డానికి చోటుండదు, పిల్లల్ని నీళ్లలో వదల్లేరు. 9కల్లా మీరు కింద ఉంటే గంటన్నర ప్రశాంతంగా గడుస్తుంది. తర్వాత భోజనం చేసి 3కు ఉమామహేశ్వరం. అంతకంటే ముందు పోతే మధ్యాహ్నం మూసిన తలుపుల ముందు కూర్చోవాల్సి రావచ్చు. ఇందుకు మాత్రం తెల్లవారుజామున 4:30కే బయలుదేరాలి, టిఫిను మన్ననూర్‌లో.

జలపాతం వద్దు, అమ్మగారికి సుఖంగా ఉండాలి అనుకుంటే కొల్లాపూర్ వైపు తిరగండి. నాగర్‌కర్నూల్ నుంచి కొల్లాపూర్ సుమారు 50 కి.మీ., దారిలో సింగోటం లక్ష్మీనరసింహస్వామి గుడి, పక్కనే పెద్ద చెరువు. కొల్లాపూర్ నుంచి సోమశిల పది కిలోమీటర్ల లోపే. శ్రీశైలం జలాశయంలో మునిగిపోయే పాత సోమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. కృష్ణ ఒడ్డున నేల సమంగా ఉంటుంది, ఎక్కే బాధ లేదు. దసరా నాటికి జలాశయం నిండుగా ఉంటే మీ ఎదురుగా సముద్రమే. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకోనిదే కదలనివ్వవద్దు, పిల్లలకు వాళ్ల సైజుది అడిగి తీసుకోండి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లలకు తొడిగితే నీళ్లలో పైకి జారిపోతుంది.

పానగల్లు:

నల్లగొండ నుంచి ఇదే తరహా ప్రయాణం అడిగేవాళ్ల కోసం కూడా ఇక్కడే రాస్తున్నా. మాకు మల్లెలతీర్థం దూరం. ఎత్తిపోతల జలపాతమే దగ్గర.

పొద్దున 6:30కు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం, ఊరికి నాలుగు కిలోమీటర్లే. కుందూరు చోళుల కాలం గుడి. గర్భగుడిలో లింగం వెనక పడే స్తంభం నీడ పగలంతా కదలదు. ఆ నీడ ఒక్క స్తంభానిది కాదు, ముందున్న స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుగు వల్ల ఏర్పడేది, అందుకే సూర్యుడు తిరిగినా అది జరగదు. మబ్బు పట్టిన రోజు పలుచబడుతుంది. గర్భగుడి ముందు అడ్డంగా నిలబడితే మీ నీడే కనిపిస్తుంది, పక్కకు తప్పుకుని చూడండి. పచ్చల సోమేశ్వరం, పక్కనే ఉన్న మ్యూజియం చూసుకుని 9కి బయలుదేరితే హాలియా మీదుగా 65 కి.మీ., సాగర్ 10:30. ఎత్తిపోతల అక్కడ్నుంచి మాచర్ల దారిలో 11 కి.మీ. అది ఆంధ్ర, టాక్సీ పర్మిట్ మాట పైన చక్రం గారు చెప్పిందే.

ఎత్తిపోతల 70 అడుగులు. చూసేది ఎదురుగట్టు మీది నుంచి, అందుకని మోకాళ్ల నొప్పులవాళ్లకు మల్లెలతీర్థం కంటే నయం. కింద మడుగులో మొసళ్లున్నాయి, స్నానం మాట ఎత్తవద్దు. పిల్లలు నీళ్లలో ఆడాలంటే ఇది కాదు. లోయలో దత్తాత్రేయుడి గుడి ఉంది, దానికి మెట్లు దిగాలి.

నాగార్జునకొండ లాంచీని ఇదే రోజులో కుక్కవద్దు. విజయపురి సౌత్ నుంచి పోవడం, మ్యూజియం, రావడం కలిపి నాలుగు గంటలు. మ్యూజియానికి శుక్రవారం సెలవు. దానికి బదులు సాగర్‌లో బుద్ధవనం చూడండి, బండి దగ్గరికే పోతుంది. సాగర్ గేట్లు ఎత్తిన వార్త వచ్చిన మొదటి ఆదివారం మాత్రం ఇంట్లోనే ఉండండి. 26 గేట్లూ తెరిస్తే చూడ్డానికి బాగుంటుంది, కాని హాలియా దాకా బండ్లే.

మెట్టుగడ్డ వాసి:

అందరికీ దండాలు. శ్రీశైలం, ఫర్హాబాద్ తీసేసినం. ఇన్నోవా మాట్లాడిన, మీటరు మా ఇంటికాడ్నుంచే అని రాసిచ్చిండ్రు. బుధవారం పోతున్నం కాబట్టి గుడి ముందు, నీళ్లు తర్వాత. రెండు చిన్న సందేహాలు. నాగర్‌కర్నూల్ దారా, జడ్చర్ల కల్వకుర్తి దారా? బట్టలు మార్చుకునేటందుకు మల్లెలతీర్థం కాడ ఏం చెయ్యాలె?

నల్లమల దారి:

పోయేటప్పుడు నాగర్‌కర్నూల్, దూరం తక్కువ, తెల్లారగట్ల ట్రాఫిక్ ఉండదు. వచ్చేటప్పుడు చీకటి పడితే హాజీపూర్ చౌరస్తా నుంచి డిండి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగ రండి. కొన్ని కిలోమీటర్లు ఎక్కువే గాని హైవే కాబట్టి డ్రైవరుకు సుఖం. ఊళ్ల నడుమ లైట్లు లేని ట్రాక్టర్లు, రోడ్డు మీద ఆరబోసిన మక్కలు తప్పుతయి. ఆ పది ఇరవై కిలోమీటర్ల పైసలు చూసుకోవద్దు.

బట్టలకు ఒక పాత చీర, నాలుగు బట్టల క్లిప్పులు పట్టుకపోండి, రెండు చెట్ల నడుమ కడితే గది. తడి బట్టలతోని మెట్లు ఎక్కొద్దు, జీన్స్ అయితే అసలే వద్దు, తడిస్తే బరువు, తొడలు ఒరుసుకపోతయి. పిల్లలకు నీళ్లల్లోంచి బయటికి రాంగనే తల తుడిచి పొడి చొక్కా తొడగండి. తంగేడు, గునుగు పూలు అడవి దారంట విరగబూసి ఉంటయి, బతుకమ్మకని గేటు లోపల తెంపొద్దు. హాజీపూర్ దాటినంక చేన్ల గట్ల మీద కావాల్సినన్ని దొరుకుతయి.